మాచర్ల లైను, యొకొహామా ఇంజను

మా పల్నాడుకు రైలు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది నరసరావుపేట దారి. 1876-78 కరువులో లక్షల మంది ఆకలితో పోయాక, మళ్లీ అలాంటి కరువొస్తే గింజలు చేరవేయడానికని వేసిన బళ్లారి-కృష్ణా లైను అది. రెండోది నల్లపాడు దగ్గర చీలి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరే లైను. 1930 ప్రాంతంలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వేసింది. రెండూ మీటర్ గేజే.

మాది సున్నపురాయి నేల. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం, ఆ తర్వాత సిమెంటు ఈ రాయి పెట్టిన బతుకులే. కానీ ఇలాంటి నేలలో ఊరే నీళ్లు పొగబండికి పడవు. నీళ్లు మరిగేకొద్దీ బాయిలర్ గొట్టాలకు గార కడుతుంది. వేడి అందక బొగ్గు ఎక్కువ తింటుంది. బాయిలర్‌ను పదే పదే కడగాల్సిందే. ఫైర్‌మ్యాన్ చాకిరీ ఎంతటిదో ఇక్కడి నీళ్లు తాగి పెరిగినవాళ్లకు వేరే చెప్పాలా?

అలాంటి ఇంజన్ల పుట్టుక వెతుకుతూ పోతే నాకు జపాన్ ఎదురైంది. 1872 అక్టోబర్ 14న టోక్యోలోని షింబాషికీ యొకొహామాకూ మధ్య అక్కడి తొలి రైలు లైను, 29 కిలోమీటర్లది, లాంఛనంగా మొదలైంది. ఖర్చు తగ్గుతుందని మనకు మీటర్ గేజ్ ఎంచుకున్న రోజుల్లోనే వాళ్లు 1,067 మిల్లీమీటర్ల గేజ్ ఎంచుకున్నారు. వాళ్ల ఒకటో నంబర్ ఇంజను 1871లో ఇంగ్లండ్‌లోని వల్కన్ ఫౌండ్రీలో తయారైంది. 1853లో బొంబాయి-ఠాణా మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలును లాగిన ఇంజన్లదీ ఆ కార్ఖానే.

జపాన్ గడ్డ మీద తొలి ఇంజను 1893లో కోబెలో తయారైంది. మన అజ్మీర్ వర్క్‌షాపు 1895లో మీటర్ గేజ్ ఇంజను చేసింది. తేడా రెండేళ్లే! ఆ తర్వాత జపాన్ తన కార్ఖానాలను పెంచుకుంది. ఇక్కడి రైల్వేలు ఎక్కువగా బ్రిటన్‌కే ఆర్డర్లు పంపుతూ పోయాయి. పనితనం మనవాళ్లకు లేక కాదు, నిర్ణయం మన చేతిలో లేక. నాగోయాలో 1896లో పుట్టిన నిప్పన్ షార్యో కంపెనీ, స్వాతంత్ర్యం వచ్చాక మన మీటర్ గేజ్‌కు వైజీ రకం గూడ్సు ఇంజన్లు చేసి పంపే స్థాయికి ఎదిగింది.

ఆ ఒకటో నంబర్ ఇంజనును 1911లో క్యూషూ దీవిలోని షిమాబారా రైల్వేకు అమ్మారు. 1930లో, అంటే మాచర్ల లైను వచ్చిన రోజుల్లోనే, దాన్ని భద్రపరచడానికి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు షిమాబారా రైల్వే అధ్యక్షుడు ఎడబాటు బాధను ఒక పలక మీద చెక్కించి, ఇంజనుకు బిగించి మరీ పంపాడు. ఇప్పుడది ఓమియా రైల్వే మ్యూజియంలో ఉంది. 1997లో జాతీయ సాంస్కృతిక సంపదల్లో చేరింది.

మా లైన్లు 1990లలో బ్రాడ్ గేజ్ అయ్యాయి. మీటర్ గేజ్ మీద పనిచేసిన డ్రైవర్లు, ఫైర్‌మెన్, గ్యాంగ్‌మెన్ ఇంకా మన వీధుల్లో ఉన్నారు. జపాన్ తన ఇంజనును దాచుకున్నట్టు మనం వీళ్ల జ్ఞాపకాలను దాచుకోవాలి. వాళ్ల దగ్గర కూర్చుని, నీళ్లెక్కడ పట్టేవాళ్లో, ఏ ఎత్తు దగ్గర బండి మొరాయించేదో అడిగి రాసుకోవాలి. ఈ పని నరసరావుపేటలో, గురజాలలో, మాచర్లలో ఒకేసారి మొదలవ్వాలి.