కదర్‌దాన్లు బతికించిన పాట

మా అబ్బాజాన్ నోట తరచూ ఒక మాట వినబడేది. "హునర్ ఒక్కటే ఉంటే సరిపోదు బేటా, దాని కదర్ తెలిసినోళ్లు కూడా ఉండాలె" అనేవారు. కదర్ అంటే విలువ. అది తెలిసినవాడు కదర్‌దాన్. ఆ మాట నాకు పూర్తిగా సమజ్ అయింది మాత్రం, ఎక్కడో ఇంగ్లండ్‌లోని ఐదుగురు కుర్రాళ్ల ఖిస్సా తెలిశాకే.

మా భాయిజాన్ గల్ఫ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో పాత ఇంగ్లిష్ పాటలది ఒకటుండేది. దాని మీద పేర్లేమీ రాసిలేవు. అందులో ఒక పాట బేస్ గిటార్‌తో మొదలయ్యేది. మధ్యమధ్యలో ఒక చప్పట, ఒక నిట్టూర్పు. ఆ తర్వాత మెత్తటి ఆవాజ్ ఒకటి, మెహఫిల్‌లో పక్కన కూర్చున్నవాడి చెవిలో చెప్పినట్టు. భాష సగమే అర్థమయ్యేది, అయినా వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి. పాడిందెవరని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పాట పేరు 'టైమ్ ఆఫ్ ది సీజన్' అనీ, ఆ బ్యాండ్ పేరు ది జాంబీస్ అనీ చాలా ఏళ్ల తర్వాత గానీ తెలీలేదు.

లండన్‌కు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే పాత ఊరుంది. రాడ్ అర్జెంట్ అక్కడి పెద్ద చర్చి గాయక బృందంలో పాడుతూ పెరిగాడు. తర్వాత అతనే కీబోర్డు వాయించేవాడు. గొంతు కాలిన్ బ్లన్‌స్టోన్‌ది, గిటార్ పాల్ అట్కిన్సన్, బేస్ క్రిస్ వైట్, డ్రమ్స్ హ్యూ గ్రండీ. 1964లో ఒక పోటీలో గెలిచి డెక్కా కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. అర్జెంట్ రాసిన 'షీ ఈజ్ నాట్ దేర్' ఆ ఏడాదే వచ్చింది. బ్రిటన్‌లో 12వ స్థానం దాటలేదు గానీ, అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో 2 దాకా ఎక్కింది. ఆ క్రిస్మస్‌కు బ్రూక్లిన్‌లోని ఫాక్స్ థియేటర్‌లో పాడారు. మరుసటి ఏడు 'టెల్ హర్ నో' అమెరికాలో 6వ స్థానం అందుకుంది.

ఆ తర్వాత నసీబ్ ముఖం తిప్పుకుంది. ఒకదాని వెంట ఒకటి పాటలు వచ్చాయి, వెళ్లాయి. 1967లో ఫిలిప్పీన్స్ వెళ్తే, మనీలాలో వేలమంది వాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు! అక్కడ తాము ఇంత మషూర్ అని వాళ్లకే తెలియదు. అంత జనం వచ్చినా, వాళ్ల చేతికి అందిన పైసలు మాత్రం బహుత్ తక్కువ.

బ్యాండ్‌లో ఇంకో చిక్కూ ఉంది. పాటలు రాసే అర్జెంట్‌కూ వైట్‌కూ రాయల్టీ వచ్చేది. మిగతా ముగ్గురికి కచేరీల డబ్బే ఆధారం, అవేమో తగ్గిపోతున్నాయి. దోస్తీ గట్టిదే, కానీ ఇల్లు గడవాలి కదా! విడిపోయే ముందు, తమకు నచ్చినట్టుగా ఒక్క ఆల్బమ్ చేసుకుందామనుకున్నారు.

సీబీఎస్ కంపెనీ వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1967 వేసవిలో లండన్ అబ్బే రోడ్‌లోని ఈఎమ్ఐ స్టూడియోలో అడుగుపెట్టారు. బీటిల్స్ తమ 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్‌ను అక్కడే ముగించి ఎంతోకాలం కాలేదు. స్టూడియో కిరాయి గంటల లెక్కన పడుతుంది కాబట్టి, ముందే బాగా రియాజ్ చేసుకుని వెళ్లేవాళ్లు. ఆర్కెస్ట్రాను పిలిచే తాహత్ లేదు. స్టూడియోలో మెలోట్రాన్ అనే వాద్యం ఉండేది. ఒక్కో మీట నొక్కితే లోపల ఒక్కో టేపు కదిలి వయొలిన్‌లో, ఫ్లూట్లో పలుకుతాయి. దాంతోనే పని కానిచ్చారు.

ఆ పాటల విషయాలు చూడండి. ఒకదాంట్లో జైలు నుంచి విడుదల కాబోతున్న మనిషికి ప్రేమగా రాసిన ఖత్ ఉంది. ఇంకోటి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఒక కసాయి గోడు. 'టైమ్ ఆఫ్ ది సీజన్' దగ్గర మాత్రం బ్లన్‌స్టోన్‌కు ఓపిక నశించింది. ట్యూన్ ఎలా పాడాలో అర్జెంట్ పదేపదే చెబుతుంటే, నువ్వే వచ్చి పాడుకో అని గొడవపడ్డాడట. చివరికి పాడాడు, అదీ విసుగుతోనే. నేను క్యాసెట్‌లో విన్న ఆ మెత్తటి గొంతు వెనక అంత తకరార్ జరిగిందని ఎవరనుకుంటారు?

డబ్బు అయిపోయాక, స్టీరియో మిక్స్ కావాలని కంపెనీ అడిగింది. ఆ ఖర్చు అర్జెంట్, వైట్ తమ జేబులోంచి పెట్టుకున్నారు. అట్ట మీది బొమ్మ వేసిన దోస్తు 'ఒడిస్సీ' స్పెల్లింగ్‌లో మొదటి 'వై' బదులు 'ఇ' రాశాడు. అదే ఖాయమైపోయింది. 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' 1968 ఏప్రిల్‌లో దుకాణాలకు చేరేసరికి బ్యాండ్ లేదు. 1967 డిసెంబర్‌లోనే విడిపోయారు. ఇంగ్లండ్‌లో ఆ రికార్డును అడిగినవాళ్లు కొద్దిమందే.

అప్పుడు దొరికాడు ఒక కదర్‌దాన్. అమెరికన్ సంగీతకారుడు అల్ కూపర్ లండన్ వచ్చినప్పుడు ఈ రికార్డు విన్నాడు. న్యూయార్క్ వెళ్లి, తాను పనిచేసే కొలంబియా కంపెనీ పెద్దలను దీన్ని విడుదల చేయమని పట్టుబట్టాడు. వాళ్లు మొదట ఆ యుద్ధం పాటను సింగిల్‌గా వేశారు, అమ్ముడుపోలేదు. 'టైమ్ ఆఫ్ ది సీజన్' కూడా మెల్లగానే మొదలై, 1969 మార్చిలో బిల్‌బోర్డ్‌లో 3వ స్థానానికి చేరింది.

కానీ పాడేందుకు బ్యాండ్ ఏదీ? ఆ గొంతుగల బ్లన్‌స్టోన్ అప్పటికే ఒక బీమా ఆఫీసులో కాగితాలతో కుస్తీ పట్టాడు. అమెరికాలో కొందరు వ్యాపారులు నఖిలీ జాంబీస్‌ను తయారుచేసి ఊళ్లు తిప్పారు. ఆ నఖిలీ బృందాల్లో ఒకదాంట్లో వాయించిన ఇద్దరు, డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్, తర్వాత జీజీ టాప్ బ్యాండ్‌తో అస్లీ పేరు తెచ్చుకున్నారు. పాట వీళ్లది, మెహనత్ వీళ్లది, టికెట్ల పైసలు ఇంకెవరివో. అయినా అప్పట్లో ఐదుగురూ మళ్లీ కలవలేదు. అర్జెంట్ అప్పటికే కొత్త బ్యాండ్ పనిలో పడ్డాడు.

తర్వాతి నలభై ఏళ్లు ఆ ఆల్బమ్‌ను నిలబెట్టింది ప్రచారం కాదు, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లిన రికార్డు. పాల్ వెల్లర్ లాంటి గాయకులు తమకు ప్రియమైన ఆల్బమ్‌లలో దీన్ని చెప్పుకున్నారు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేస్తే, ఇది మొదటి వందలో నిలిచింది. 2008 మార్చిలో లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో మిగిలిన నలుగురూ ఆ ఆల్బమ్ మొత్తాన్ని మొదటిసారి వేదిక మీద వినిపించారు. పాల్ అట్కిన్సన్ ఆ రోజు చూడలేదు, 2004లోనే వెళ్లిపోయాడు. 2019 మార్చిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానం అందింది. అది కూడా బ్రూక్లిన్‌లోనే, యాభై నాలుగేళ్ల కింద కుర్రాళ్లుగా పాడిన చోట.

సబర్ చేస్తే అన్నీ దొరుకుతాయని చెప్పి ముగించడం ఆసాన్. నాకు మాత్రం అలా అనిపించదు. ఆలస్యంగా వచ్చిన కదర్ అట్కిన్సన్‌కు అందలేదు. 1967లో ఆ ముగ్గురి ఇళ్లలో లేని పైసలను 2019 సన్మానం తెచ్చిపెట్టదు. పాటను ప్రేమించినవాళ్లు పాటను బతికించారు, నిజమే. పాడినవాళ్లు బతకడానికి మాత్రం ఆ ప్రేమ సరైన టైమ్‌కు రావాలి. అబ్బాజాన్ మాటలో సగమే నేను విన్నానేమో అనిపిస్తుంది. కదర్ తెలిస్తే చాలదు, అది మనిషి ఉండగానే చెప్పాలి.

మొన్న భాయిజాన్ ఇంటికి వెళ్లినప్పుడు పాత పెట్టెలో ఆ క్యాసెట్ దొరికింది. టేపు సాగిపోయింది, ఇక మోగదు. అయినా దాని మీద ఐదు పేర్లు రాసి పెట్టి వచ్చాను. మీ ఇళ్లలోనూ పేరు అడగకుండా విన్న గొంతులు ఉంటాయి దోస్తులారా. అడగండి.