పై అంతస్తుకు నీళ్ళు ఎందుకు అందవు? ఇంటికి తగిన నీటి పైపు సైజు – దేవనహళ్ళి ఇళ్ళ లెక్క

దేవనహళ్ళిలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్ళు చాలావరకు ఒకే తీరుగా పెరిగాయి. మొదట ముప్పై-నలభై సైటులో నేల ఇల్లు, మిద్దెపైన ఒక ట్యాంకు. 2008 మే నెలలో విమానాశ్రయం మొదలయ్యాక బాడుగ ఇళ్ళకు గిరాకీ వచ్చింది. ఒక అంతస్తు లేచింది, దానిమీద ఇంకొకటి లేచింది. గోడలు కొత్తవి, కరెంటు మీటర్లు కొత్తవి. నీళ్ళ పైపు మాత్రం చాలా ఇళ్ళల్లో మొదటి ఇంటికి వేసిన లెక్కలోనే ఉండిపోయింది. దాన్నే పైకి పొడిగించి ఊరుకున్నారు.

అందుకే మన సంఘం సభ్యుల నుంచి మాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "పై ఇంట్లో షవరు రావడం లేదు, బాడుగవాళ్ళు ఖాళీ చేస్తామంటున్నారు, ప్రెషర్ పంపు పెట్టించమంటారా?" అని. పంపు కొనేముందు చూసుకోవలసింది పైపు సైజు. గోడలో పూడ్చిన పైపును మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి. కాబట్టి కొత్తగా కట్టేవారికీ, అంతస్తు వేసేవారికీ, పాత ఇల్లు బాగుచేయించుకునేవారికీ పనికొచ్చేలా ఈ వివరాలు ఒకచోట రాసి ఉంచుతున్నాం.

ముందు కొలతల పేర్ల సంగతి. హార్డ్‌వేర్ షాపులో అర ఇంచి, ముప్పావు ఇంచి, ఇంచి అంటారు. ఇక్కడి మేస్త్రీలు ముప్పావును కన్నడంలో "ముక్కాలు ఇంచు" అంటారు, మనకూ తెలిసిన మాటే. బిల్లులో 15, 20, 25 మి.మీ. అని రాస్తారు. ఇవన్నీ పిలుపు పేర్లే తప్ప నీళ్ళు పారే రంధ్రం కొలతలు కావు. అర ఇంచి సీపీవీసీ పైపు, ఎస్‌డీఆర్ 11 రకం తీసుకుంటే, బయటి వ్యాసం సుమారు 15.9 మి.మీ., లోపలి రంధ్రం పన్నెండున్నర మి.మీ. మాత్రమే. అదే అర ఇంచి యూపీవీసీ, షెడ్యూల్ 40 రకంలో లోపల దాదాపు 15.8 మి.మీ. ఉంటుంది. పేరు ఒకటే అయినా దారి ఒకటిన్నర రెట్లకు పైనే తేడా. నల్లటి హెచ్‌డీపీఈ పైపు లెక్క వేరు, దానికి చెప్పేది బయటి కొలత. 32 మి.మీ. నల్ల పైపు అంటే లోపల ఇంచి చుట్టుపక్కలే. మేస్త్రీ సైజు చెప్పినప్పుడు ఏ పైపు, ఏ రకం అని కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇక అసలు విషయం. ట్యాంకు నుంచి కొళాయికి నీటిని తోసేది ఎత్తు ఒక్కటే. పది మీటర్ల ఎత్తు ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మిద్దెమీద మీటరు ఎత్తు దిమ్మెపైన ట్యాంకు ఉందనుకుందాం. ట్యాంకు అడుగు నుంచి పై అంతస్తు షవరు దాకా రెండు మీటర్లు మించదు. దాని కింది అంతస్తు షవరుకు ఐదు మీటర్లు, నేల ఇంటికి ఎనిమిది మీటర్లు. అంటే నేల ఇంటికున్న బలంలో పై ఇంటికి నాలుగో వంతే ఉంది. ఈ రెండు మీటర్ల బలాన్నే పైపు లోపలి రాపిడి తినేస్తుంది.

ఎంత తింటుందో లెక్క వేసి చూశాం. ఇంజనీర్లు వాడే హేజెన్-విలియమ్స్ సూత్రం ప్రకారం, షవరు, వంటింటి కొళాయి ఒకేసారి తెరిస్తే నిమిషానికి 20 లీటర్లు కావాలనుకుని, పది మీటర్ల పొడవు సీపీవీసీ పైపు తీసుకుంటే:

అర ఇంచి పైపులో పోయే ఎత్తు సుమారు 6.7 మీటర్లు.
ముప్పావు ఇంచిలో 1.1 మీటరు.
ఇంచి పైపులో 0.3 మీటరు.

చేతిలో ఉన్నది రెండు మీటర్లు. అర ఇంచి పైపుతో ఆ 20 లీటర్లు రావడం అసాధ్యం, పదికి మించవు, వంపులు కలిస్తే ఇంకా తగ్గుతాయి. ముప్పావుతో సగం బలం మిగులుతుంది. ఇంచితో దాదాపు అంతా మిగులుతుంది. అదే అర ఇంచి పైపు ఎనిమిది మీటర్ల ఎత్తున్న నేల ఇంటికి ఏదో విధంగా నెట్టుకొస్తుంది. అందుకే "కింద బాగానే వస్తోంది కదా, పైపు సరైనదే" అనే వాదన నిలవదు. పైపు పెద్దదైతే ఒత్తిడి పెరుగుతుందని కొందరు, తగ్గుతుందని కొందరు అంటుంటారు. రెండూ నిజం కావు. ఎత్తు ఇచ్చిన ఒత్తిడిలో దారిలో పోయేది తగ్గుతుంది, అంతే. కొళాయి మూసి ఉన్నప్పుడు ఏ సైజు పైపులోనైనా ఒత్తిడి ఒకటే.

వంపులను కూడా లెక్కలో పట్టుకోండి. ఇంచి పైపులో ఒక్కో ఎల్బో ముప్పావు మీటరు పైపుతో సమానం. పది ఎల్బోలు పెడితే ఏడున్నర మీటర్ల పైపు అదనంగా వేసినట్టే. కిటికీలు చుట్టి, దూలాలు దాటి తిప్పిన పైపు కన్నా నిటారుగా దిగిన పైపు మేలు.

మూడు అంతస్తుల ఇంటికి ఎలా వేయించాలి?

మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాం: పై అంతస్తుకు ట్యాంకు నుంచి విడిగా ఒక ఇంచి లైను వేయించండి. కింది రెండు అంతస్తులకు కలిపి ఇంకొక ఇంచి లైను చాలు. ఒక కుటుంబానికి ఇంచి, రెండు కుటుంబాలకూ ఇంచేనా అని మేస్త్రీ నవ్వవచ్చు. కింది లైనుకు ఎత్తు తోడుంది, పై లైనుకు లేదు, అదే జవాబు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే చోట ఒకటిన్నర ఇంచి కన్నా తక్కువ పెట్టనివ్వకండి. ఆ రెండు లైన్లూ అక్కడి నుంచే చీలాలి. విడిగా వేస్తే ఇంకో లాభం: కింద బకెట్ పడుతుంటే పైన షవరు ఆగిపోయే గొడవ ఉండదు. ఇంటివారికీ బాడుగవారికీ మధ్య మాటలు పెరగడానికి అదొక్కటి చాలు.

గోడలో జాగా లేక ఒకే లైను దించాల్సి వస్తే, పైన లావు, కిందికి పోయేకొద్దీ సన్నం అన్నది సూత్రం. ట్యాంకు నుంచి పై అంతస్తు చీలిక దాకా ఒకటింబావు ఇంచి, అక్కడి నుంచి మధ్య అంతస్తు దాకా ఇంచి, ఆ కింద ముప్పావు. మొత్తం నీరూ పారేది పై ముక్కలోనే కదా. కొన్ని ఇళ్ళల్లో దీనికి తలకిందులుగా చూశాం. నేల ఇంటికి మొదట్లో వేసిన ఇంచి పైపు కింద అలాగే ఉంది, అంతస్తు లేపినప్పుడు దాని పైన ముప్పావు ముక్క అతికించారు. ఆ ముప్పావు ముక్కే మూడిళ్ళ గొంతు పట్టుకుంటుంది.

ప్రతి బాత్రూముకు గోడలో ముప్పావు లైను వెళ్ళాలి, అక్కడి నుంచి ఒక్కో కొళాయికి, సిస్టర్నుకు అర ఇంచి. అర ఇంచి ముక్క రెండు మూడు మీటర్లు మించకూడదు. ట్యాంకు దగ్గర దిగే పైపుకు గాలి గొట్టం ఒకటి, ట్యాంకు నీటి మట్టానికి పైకి లేపి, మరువకుండా పెట్టించండి. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు పైపులో గాలి చిక్కుకుని నీళ్ళు రాకపోవడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉన్నదే, టీసీ ట్యాంకర్ల మీద నడిచే ఇళ్ళల్లో మరీనూ.

వేడినీళ్ళ లైనుకు మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ పెద్ద పైపు నష్టమే. గీజరు నుంచి కొళాయి దాకా పైపులో నిలిచి చల్లారిన నీరంతా పోయాకే వేడినీరు వస్తుంది. పన్నెండు మీటర్ల లైనులో అర ఇంచి అయితే ఒకటిన్నర లీటరు, ముప్పావు అయితే మూడు లీటర్లు, ఇంచి అయితే ఐదు లీటర్లకు పైగా నిలిచి ఉంటాయి. ఇంట్లో ఆరుగురు వేళకాని వేళల్లో స్నానం చేస్తే ఆ నీళ్ళెన్నో లెక్కేసుకోండి. ట్యాంకరుకు డబ్బిచ్చి తెప్పించిన నీళ్ళు అవి. బాత్రూములోనే గీజరు ఉంటే అర ఇంచి చాలు. మిద్దెమీద సోలార్ ఉంటే దిగే లైను ముప్పావు, దాన్ని మించవద్దు. వేడికి సీపీవీసీయే వాడాలి, అది 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు యూపీవీసీ తట్టుకోదు.

మన నీటి గట్టితనాన్ని కూడా మరువకూడదు. దేవనహళ్ళిలో ఎక్కువ ఇళ్ళకు ఆధారం బోరు నీరే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టితనం లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. సున్నపు పేరుడు ఎక్కువగా పట్టేది గీజరులోనూ వేడినీళ్ళ లైనులోనూ, కొళాయి మూతి జల్లెడలోనూ. పాత జీఐ పైపులైతే లోపల తుప్పు గడ్డకట్టి, ఇంచి పైపు అర ఇంచిగా మారిపోతుంది. అలాంటి ఇళ్ళల్లో సైజు గురించి చర్చ అనవసరం, పైపే మార్చాలి.

సంపు, మోటారు, బోరు

రోజుకు మనిషికి 135 లీటర్లు అని జాతీయ భవన నియమావళి లెక్క. ఐదుగురు చొప్పున మూడు కుటుంబాలంటే రెండువేల లీటర్లు. గంటలో ఆ ట్యాంకు నిండాలంటే నిమిషానికి 33 లీటర్లు పైకి ఎక్కాలి. పదిహేను మీటర్ల ఇంచి పైపులో రాపిడికి పోయేది ఒకటింబావు మీటరు లోపే, ముప్పావు పైపులో నాలుగు మీటర్లకు పైన. అంటే మోటారు ఇంకొక అంతస్తుకు మించి ఎత్తు ఎక్కించినంత కష్టపడుతుంది, ఆ కరెంటు బిల్లు మీదే. మోటారు మూతి ఇంచి ఉంటే పైపును సన్నం చేయకండి. వీధి నల్లా నుంచి నేరుగా మోటారుతో లాగడం మాత్రం కూడదు. అది నిషిద్ధం, పైగా పక్కన కారుతున్న మురుగునూ లాగుతుంది.

బోరు దగ్గర ఇంకో గందరగోళం ఉంది. "రెండించుల నీళ్ళు పడ్డాయి" అంటే రెండించుల పైపు నిండా అని చాలామంది అనుకుంటారు. అది వి-ఆకారపు గాడి ఉన్న రేకు మీదుగా నీరు ఎంత ఎత్తున పారిందన్న కొలత. ఒక ఇంచి అంటే గంటకు సుమారు ఐదు వందల లీటర్లు. రెండించులంటే రెట్టింపు కాదు, గంటకు దాదాపు 2,900 లీటర్లు, ఐదున్నర రెట్లు. ఆ నీటికి తగ్గ పంపు, పంపుకు తగ్గ పైపు వేయాలి. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ అరుదు కాదు. ఆ లోతు నుంచి రెండించుల నీటిని 32 మి.మీ. రంధ్రమున్న పైపులో తెస్తే రాపిడికి పది మీటర్లు పోతాయి, 26 మి.మీ. అయితే ముప్పై మీటర్ల దాకా. సైజుతో పాటు పైపు ఒత్తిడి తరగతి కూడా చూడాలి, వెయ్యి అడుగుల నీటి స్తంభం అంటే కింది ముక్కల మీద ముప్పై కిలోల లెక్క.

హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద శుద్ధి చేసిన నీరు మన వైపు కొన్ని చెరువులకు వస్తోంది. అది భూగర్భ జలం పెంచడానికే, కొళాయికి కాదు. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి అపార్టుమెంట్లలో, వాణిజ్య భవనాల్లో కొళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. మన ఊరు దాని పరిధిలో లేకపోయినా, నేల ఇంట్లో, మధ్య అంతస్తులో అవి పెట్టుకుంటే మంచిదే. ఒత్తిడి తక్కువగా ఉన్న పై అంతస్తులో పెట్టేముందు ఆలోచించండి.

పాత ఇంట్లో ఉన్నవారు మేస్త్రీని పిలిచేముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. పది లీటర్ల బకెట్, చేతిగడియారం చాలు. ఇంట్లో మిగతా కొళాయిలన్నీ మూసి పై అంతస్తు కొళాయి తెరిచి బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. తర్వాత కింది ఇంట్లో ఒక కొళాయి తెరిచి ఉంచి మళ్ళీ చూడండి. మొదటిసారి ముప్పై నలభై సెకన్లలో నిండి, రెండోసారి నిమిషం దాటితే, కలిసి పారే పైపు సన్నగా ఉందని అర్థం. లైను విడదీయాలి. మొదటిసారే నిమిషం దాటితే ముందు కొళాయి జల్లెడ, ట్యాంకు దగ్గరి వాల్వు చూడండి. పాత గేట్ వాల్వులు సగం మూసుకుని బిగుసుకుపోతుంటాయి, కొత్త బాల్ వాల్వు వేస్తే పనైపోతుంది. అవి బాగున్నా రాకపోతే పై అంతస్తు లైను మార్చడం, ట్యాంకు దిమ్మె ఇంకో మీటరు లేపడం, ఈ వరుసలో ఆలోచించండి. నిండు ట్యాంకు బరువు రెండు టన్నులకు పైనే కాబట్టి దిమ్మె లేపేముందు ఇంజనీరును అడగాలి. ప్రెషర్ పంపు ఆ తర్వాతే.

కొత్త పైపు వేశాక, ప్లాస్టరింగుకు ముందు చేతిపంపుతో ఒత్తిడి పెట్టించి రెండు గంటలు గేజీ ముల్లు కదలకుండా ఉందేమో దగ్గరుండి చూడండి. గోడలో పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో, ఏ చోట ఏ సైజో, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయించి ఇంటి పత్రాల ఫైలులో దాచండి. పదేళ్ళ తర్వాత పిల్లలు గోడకు మేకు కొట్టేముందు ఆ ఫైలే తీయాలి.