నిరాకారానికి శిల్పరూపం

లింగాన్నీ, సాలగ్రామాన్నీ అర్చించే మనకు ఆకృతిని విడిచి భావాన్ని నిలిపే నైరూప్య కళ కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో, సుమారు 73,000 ఏళ్లనాడు కావిరాతితో గీసిన అడ్డుగీతలు ఒక రాతిముక్కపై లభించాయి. 1915లో రష్యా చిత్రకారుడు మాలెవిచ్, తన ‘నల్ల చతురస్రం’ చిత్రాన్ని ఆ దేశస్థులు ఇళ్లలో దైవపటం ఉంచే మూలనే తగిలించాడు.

వీటి నడుమ కాలంలో మన కృష్ణాతీరపు అమరావతి శిల్పులున్నారు. అక్కడి స్తూపఫలకం ఒకటి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. క్రీ.పూ. 1వ శతాబ్దపు శిల్పి దానిపై బుద్ధుని మలచలేదు. బోధివృక్షం, శూన్యాసనం, పాదముద్రలు, అంజలి ఘటించిన భక్తులు, అంతే! క్రీ.శ. 3వ శతాబ్దంలో స్తూపాన్ని నవీకరించినవారు ఆ ఫలకాన్ని పారవేయక, వెనుకకు త్రిప్పి, రెండవ ముఖాన స్తూపాన్నీ, దాని వాకిట నిలిచిన బుద్ధునీ చెక్కారు. అందువల్లనే నిరాకార, సాకార దర్శనాలు రెండూ ఒకే శిలలో మనకు దక్కినవి. అనంతర కాలంలో సున్నానికై కాల్చివేసిన ఫలకాలలో ఏముండెనో ఇక తెలియదు.

కనుక జీర్ణోద్ధరణవేళ, బొమ్మ లేదని ఏ పాత రాతినీ త్రోసివేయకుందుము గాక! ముందుగా దానిని త్రిప్పి చూడవలసినదిగా మనవి.