ముహూర్తం మార్చుకున్న ఆటలు

2025 ఆగస్టు 21. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన టీమ్ చెర్రీ తమ "హాలో నైట్: సిల్క్‌సాంగ్" గేమ్ సెప్టెంబర్ 4న వస్తుందని ప్రకటించింది. 2019 నుంచి జనం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న ఆట. గడువు రెండే వారాలు!

ఇక చూడండి, సంక్రాంతికి పెద్ద హీరో దిగుతున్నాడంటే చిన్న సినిమాలు పక్కకి జరిగినట్టే అయింది. సెప్టెంబర్ 3న రావలసిన "డెమన్‌స్కూల్" నవంబర్ 19కి పోయింది. 8న రావలసిన "బేబీ స్టెప్స్" 23కి జరిగింది. తమాషా ఏంటంటే, టీమ్ చెర్రీ కూడా పిడికెడు మందే.

డౌన్‌లోడ్ చేసుకునే ఆటకి థియేటర్ల కొరతేంటి అంటారా? కొరత జనం టైముకి, జేబుకి. విడుదల రోజు ఆ తాకిడికి స్టీమ్, నింటెండో ఆన్‌లైన్ దుకాణాలే చతికిలబడ్డాయి మరి.

అలాగని వాయిదా ఊరికే రాదు. ఏళ్ళ తరబడి పనిచేసిన చిన్న టీమ్‌కి ఇంకో రెండున్నర నెలల ఖర్చెవరిస్తారు?

పోనీ తేదీయే సర్వస్వమా అంటే, 2018లో ఎవరూ పెద్దగా పట్టించుకోని "అమాంగ్ అస్"ని 2020 లాక్‌డౌన్లలో ప్రపంచమంతా ఆడింది. ఆ రెండేళ్ళూ దాన్ని వదిలెయ్యకపోవడమే వాళ్ళు చేసిన మంచి పని.

కోడ్ రెడీ అయిన రోజే రిలీజ్ రోజు కానక్కర్లేదు. ఏమంటారు?