కొచ్చిన్ యహూదీల అమానత్

మా ఇంట్లో పాత ఖురాన్ షరీఫ్ ఒకటి ఉంది. పేజీలు పచ్చబడి అంచులు రాలుతున్నాయి. తిలావత్‌కి పనికిరాదు, అలాగని పారేయలేం. అమ్మీ దానికి కొత్త జుజ్దాన్ కుట్టి తాక్‌లో పెట్టింది. ఇలాంటి వాటిని ఖబరస్తాన్‌లో దఫన్ చేయడమో, పారే నీళ్ళలో వదలడమో మన రివాజు. యహూదీలూ అంతే. ఖుదా పేరు రాసివున్న కాగితాన్ని చెత్తలో వేయరు, దాచిపెట్టి తర్వాత దఫన్ చేస్తారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక ఖౌమ్ మొత్తం ఊరు విడిచి వెళ్ళిపోతే, వాళ్ళ ఇబాదత్ సామాను ఏమవుతుంది?

యహూదీల మాట ఎత్తగానే మన ఇళ్ళలో మొహాలు మారతాయి. ఫలస్తీన్‌లో జరుగుతున్నది చూస్తూ ఎవరికి మారదు? నాకూ మారుతుంది. కానీ ఇజ్రాయెల్ హుకూమత్ వేరు, కేరళలో వెయ్యేళ్ళకు పైగా బతికిన హజ్రత్ మూసా ఉమ్మత్ వేరు. బంగారుపాళ్యం నుంచి కాట్పాడి పోయి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఎర్నాకుళంలో దిగుతాం. అంత దగ్గర.

ఎంత పాత సంబంధమో చూడండి. క్రీ.శ. 849లో కొల్లంలో ఒక చర్చికి ఇచ్చిన హక్కులను రాగి రేకుల మీద చెక్కారు. గవాహీలు సంతకాలు పెట్టారు. కొన్ని అరబీలో కూఫీ లిపిలో, కొన్ని పహ్లవీలో, కొన్ని హీబ్రూ అక్షరాల్లో ఉన్నాయి. చర్చి కాగితానికి ముస్లింలూ, యహూదీలూ గవాహీలు! సుమారు క్రీ.శ. 1000లో రాజు భాస్కర రవి జోసెఫ్ రబ్బాన్ అనే యహూదీ పెద్దకు 72 హక్కులు రాసిచ్చాడు. ఆ రేకులు కొచ్చిన్‌లోని పరదేశి సినగాగ్‌లో ఉన్నాయి.

పరదేశి సినగాగ్ 1568 నాటిది. టూరిస్టులంతా అక్కడికే పోతారు. నేను చెప్పాలనుకున్నది దానికంటే పాతదాని గురించి. మట్టాంచేరిలో 1544లో కట్టిన కడవుంభాగం సినగాగ్. కడవు అంటే రేవు. రేవు వైపు సినగాగ్ అన్నమాట.

కేరళ సినగాగ్ లోపలికి వెళితే మనకు ఏదీ మరీ కొత్తగా ఉండదు. చెప్పులు బయట విప్పాలి. మన మెహ్రాబ్ ఉండే పడమటి గోడకే వాళ్ళ తౌరాత్ అల్మారా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్ కూడా పడమరే. మన మొదటి ఖిబ్లా కూడా అదే కదా. తౌరాత్‌ను తోలు మీద చేత్తో రాసి, చుట్టగా చుట్టి, గుండ్రని పెట్టెలో నిలబెడతారు. పైన కిరీటం. అక్షరాలకు వేలు తగలకుండా చిన్న పుల్లతో చూపిస్తూ చదువుతారు. మక్తబ్‌లో మన పిల్లలు సిపారా చదివినట్టే. మధ్యలో మన మిమ్బర్ లాంటి వేదిక ఒకటి. కేరళ వాళ్ళ ప్రత్యేకత ఏమిటంటే, మేడ మీద జనానా పక్కన రెండో వేదిక కూడా ఉంటుంది. కడవుంభాగం పైకప్పు చెక్క మీద తామరపూలు చెక్కారు. అక్కడి మస్జిదులు, గుళ్ళు కట్టిన వడ్రంగుల పనితనమే ఇదీ.

ఈ వైభవంలో ఒక ముల్లు ఉంది. పరదేశి సినగాగ్‌లో గులాముల సంతతి అని ముద్ర వేసినవాళ్ళను లోపల కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, తౌరాత్ చదవనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళలో పుట్టిన వకీలు ఎ.బి. సేలం సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశాడు. ఆయన్ని యహూదీల గాంధీ అనేవాళ్ళు. తిరువాన్కూర్ మహారాజు కానుకగా ఇచ్చిన బంగారు కిరీటాన్ని చూసి మురిసేవాళ్ళకు ఆ కిరీటం ఈ మాట చెప్పదు. మన దూదేకుల భాయీలతో మనం నడుచుకున్న తీరు గుర్తొచ్చి నేనూ కాస్త తల దించుకున్నాను.

1948 నాటికి కేరళలో యహూదీలు రెండున్నర వేల లోపే. 1950ల నడిమికల్లా చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఎవరూ తరమలేదు, తమంతట తామే వెళ్ళారు. తౌరాత్ చుట్టలు వెంట వెళ్ళాయి, గోడలు ఇక్కడే మిగిలాయి. నమాజీ లేని మస్జిద్ గతి ఏమవుతుందో మనకు తెలుసు. కడవుంభాగం చేతులు మారింది. 1991లో లోపలి చెక్కపనిని యెరూషలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియం కోసం కొని, ఊడదీసి తీసుకెళ్ళారు. 1995లో అక్కడ మళ్ళీ నిలబెట్టారు. తౌరాత్ అల్మారా మాత్రం పరవూర్ సినగాగ్‌ది. ఇప్పుడు అది ఇటలీ, జర్మనీ, సురినామ్ నుంచి తెచ్చిన సినగాగుల పక్కన ఉంది. పరవూర్, చేందమంగళం సినగాగులను కేరళ సర్కారు బాగుచేయించి మ్యూజియంలుగా మార్చింది.

ఇక్కడ చెక్కలు ఊడదీస్తున్న ఆ రోజుల్లోనే, గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు దళిత సమూహం తాము యహూదీలమని చెప్పుకుంటూ సినగాగ్ పెట్టుకుంది. తారీఖ్ ఇలాంటి తమాషాలు చేస్తుంటుంది.

చెక్కపనిని తీసుకెళ్ళడం సబబేనా? నాకు మొదట కోపమొచ్చింది. కేరళ వడ్రంగి చేతిపని కేరళలోనే ఉండాలి కదా అనిపించింది. కానీ 2019 సెప్టెంబరులో వానలకు కడవుంభాగం గోడ కూలిపోయింది. చెక్కపని అందులోనే ఉండి ఉంటే? ఈ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం తెలుసు, మ్యూజియంలో దుమ్ము దులిపేవాళ్ళు ఉంటారు గానీ మొహల్లా ఉండదు.

మొహల్లా ఏం చేయగలదో చూడాలంటే మట్టాంచేరి జ్యూ టౌన్‌లోనే సారా కోహెన్ ఇంటికి వెళ్ళాలి. ఆమె యహూదీల టోపీలు, సబ్బత్ రొట్టె మీద కప్పే గుడ్డలు కుట్టి అమ్మేది. వీధిలో చిన్నచిన్న సామాన్లు అమ్ముకునే తాహా ఇబ్రాహీం అనే ముస్లిం కుర్రాడు ఆ ఇంటికి దగ్గరయ్యాడు. సారా భర్త జాకబ్ 1999లో చనిపోయే ముందు, ఆమెను చూసుకోమని అతనికి అప్పజెప్పాడు. తాహా ఇరవై ఏళ్ళు ఆ మాట నిలబెట్టాడు. ఆమె దగ్గరే కుట్టుపని నేర్చుకుని యహూదీ టోపీలు కుట్టాడు. 2019 ఆగస్టు 30న, 96 ఏళ్ళ వయసులో సారా పోయింది. కడవుంభాగం గోడ కూలింది ఆ తర్వాత కొద్దిరోజులకే. ఆమె ఇంటిని, కుట్టు సామానును తాహా ఆమె యాద్‌గార్‌గా కాపాడుతున్నాడు.

వెళ్ళేవాళ్ళు శనివారం వెళ్ళకండి. సబ్బత్ రోజు, పరదేశి సినగాగ్ మూసి ఉంటుంది.