ఆలూరు వలసలు, ఉద్యోగుల సంఘబలము

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు, బళ్లారి జిల్లానుండి విడివడి ఆదోని, రాయదుర్గములతోబాటు ఆంధ్రమున చేరిన ఆలూరు తాలూకాకు రాష్ట్రము మారినను ఆకాశమే దిక్కుగా నుండెను. వానలు తప్పిన యేట ఇండ్లకు తాళములు వైచి గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడములకును సుగ్గికి, అనగా వలసకూలికి, పోవుట ఇచ్చటివారికి తరతరముల బ్రతుకుదెరువు. ఫీజు రీయింబర్సుమెంటు పుణ్యమా యని ఇంజనీరింగు ముగించిన వారి బిడ్డలు నేడు అదే బస్సులో, వీపున ల్యాప్‌టాప్ సంచితో, అదే బెంగుళూరు చేరుచున్నారు.

ఉద్యోగుల సంఘబలమును చూడవలెనన్న దూరము పోనక్కరలేదు; ఆలూరికి పొరుగుననే గుంతకల్లు కలదు. అట్టి రైల్వే కూడళ్లలో ఒకే షెడ్డున పనిచేసి, ఒకే కాలనీలో కాపురముండి, పదవీవిరమణదాక ఒకే యజమానిని కొలిచిన కార్మికునకు సంఘము ఇంటిపేరువలె సహజముగా అబ్బినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన వి.వి.గిరి మన తెలుగువాడే. 1974 మే 8న దేశమంతట సుమారు 17 లక్షల రైల్వే ఉద్యోగులు సమ్మెకు దిగి, ఇరువది దినములు నిలిచి, జైళ్లను, ఉద్యోగభంగమును సహించిరి.

సాఫ్ట్‌వేరు ఉద్యోగి స్థితి వేరు. ప్రక్క కుర్చీవాని జీత మెంతయో అతడెరుగడు. మేనేజరుతో పొసగనిచో సంస్థ మారుటయే అతనికి తెలిసిన పరిష్కారము. అన్నిటికంటె పెద్ద సంకెల, సంస్థను విడుచునపుడు ఇచ్చు రిలీవింగ్ లెటరు. హెచ్.ఆర్. గదికి పిలిచి, “మీరే రాజీనామా చేసితిరా సరి, లేకున్న తొలగించితిమని వ్రాయుదుము” అన్నపుడు, తరువాతి సంస్థవారి విచారణను, ఊరిలోని అప్పును తలచుకొని అతడు సంతకము చేయును. తాను కార్మికుడను కానను అభిమానము మరొక అడ్డు. పారిశ్రామిక వివాదాల చట్టము 1956 సవరణతోనే సాంకేతికపు పనివారిని సయితము తన నీడలోనికి తీసికొన్న సంగతి పెక్కుమంది యెరుగరు.

2009 జనవరి 7న సాఫ్ట్‌వేరు సంస్థయైన సత్యం అధిపతి లెక్కల మోసమును తానే ఒప్పుకొన్నపుడు, హైదరాబాదులో వేలాది ఉద్యోగులు ప్రభుత్వము నియమించిన బోర్డువైపు చూచుచు కూర్చుండిరేగాని, వారి తరఫున బోర్డు ఎదుట కూర్చుండి మాటలాడగల బలమైన సంఘ మొక్కటియు లేకపోయెను. ఆ యేడే వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేర తగ్గించిన జీతముతో ఇంటికడ నుంచిరి.

2017లో బెంగుళూరున కర్ణాటక ఐటీ ఉద్యోగుల సంఘము వెలసినది. 2024లో పనిదినమును పదునాలుగు గంటలదాక సాగదీయు ప్రతిపాదనను అది ఎదిరించినది. అయినను సంఘమును వెదకుకొని వచ్చువారిలో పలువురు, ఉద్యోగము పోయిన పిదప వచ్చువారే. లోపల పనిచేయువారు లేని సంఘము యజమానితో బేరమాడజాలదు. కావున, ఆలూరి బిడ్డలారా, తొలి జీతము చేతికందిన నెలలోనే, కష్టము రాకమునుపే, సంఘములో పేరు వ్రాయించుకొనుడు.