మన్యపు కాఫీ తోట

తెల్లవారగానే కాఫీ గ్లాసు చేతికి రానిదే పని తోచనివారు మనలో పెక్కుమంది. ఆ గింజ ఎచ్చట పండినదని అడిగిన చిక్కమగళూరనియో, కొడగనియో చెప్పుట పరిపాటి. 17వ శతాబ్దిలో బాబా బుడన్ అను సూఫీ సాధువు యెమెన్ దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనను కథ చాలమంది ఎరిగినదే. మన విశాఖ మన్యమునకు కూడ ఒక కాఫీ చరిత్ర కలదు. అది ఆ కొండలలో భూమి ఎవరిది అను ప్రశ్నతో పెనవేసికొన్నది.

1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టముతో పోడు వ్యవసాయముపై ఆంక్షలు ఏర్పడినవి. తరతరములుగ అడవిని నమ్ముకొని బ్రతికినవారు తమ అడవిలోనే అపరాధులైనారు. 1922–24 నడుమ అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు ఈ ఆంక్షలును, కొండబాటల పనులలో సరియైన కూలి ఇయ్యక చేయించిన వెట్టియు ముఖ్య కారణములు. ఆ అడవుల నీడలోనికే కాఫీ మొక్క వచ్చినది. 1898లో బ్రోడీ అను ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి సీమలోని పాములేరు లోయలో దానిని తొలుత నాటించెనని చెప్పుదురు. 1920 తరువాతి సంవత్సరములలో అది అరకు, చింతపల్లి వైపులకు ప్రాకినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1960 ప్రాంతమునుండి, అటవీశాఖ రిజర్వు అడవులలో తోటలు పెంచినది. కొండవారు వానిలో కూలీలు. తరువాతి దశకములలో కాఫీ బోర్డును, గిరిజనాభివృద్ధి సంస్థలును పూనుకొని గిరిజన కుటుంబములచేతనే ఎకరము, రెండెకరముల చొప్పున తోటలు వేయించినవి. పోడు మాన్పించి ఒకచోట నిలుకడగ సేద్యము చేయించుట వాని ఉద్దేశము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము పిమ్మట పెక్కు కుటుంబములకు పట్టాలు చేతికి వచ్చినవి.

మేము ఒక మార్గశిర మాసపు ఉదయమున అరకు చేరువనున్న గ్రామమునకు పోయితిమి. నిటారుగ పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వానిని అల్లుకొన్న మిరియపు తీగెలు, క్రింద కాఫీ మొక్కలు. ఆలుమగలు, ఇంటి ముసలమ్మ బుట్టలు కట్టుకొని ఎఱ్ఱని పండ్లు మాత్రమే ఏరి కోయుచున్నారు. కొమ్మ పొడవునా పండ్లు ఒక్కసారిగ పండవు. అందుచే ఒకే చెట్టు కడకు పలుమార్లు రావలెను. పెద్ద తోటలో కూలి ఖర్చు చూచుకొని పచ్చివి, పండినవి కలిపి దూయుట కలదు. చిన్న కమతమున ఆ ఓపిక ఇంటివారికి సాధ్యము. మేలురకపు కాఫీకి మూలము ఇదియే.

"మా కోడలు రాకముందు ఈ చెట్లు సర్కారువి బాబూ. కూలికి కోసీవోళ్ళం. ఇప్పుడు మావి" అన్నది ముసలమ్మ.

కోసిన పండ్లను నాటి సాయంత్రమే తూకమునకు చేర్చవలెను. ఆలస్యమైనచో అవి పులిసి రుచి చెడును. పై తొక్క తీసి, జిగురు వదలువరకు నానవేసి, కడిగి, ఎండనిత్తురు. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వచ్చును. పూర్వము పంటకు ముందే అప్పిచ్చిన సంత దళారి తాను చెప్పిన ధరకు సరుకు పట్టుకొనిపోయెడివాడు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థయు, రైతుల సహకార సంఘములును కొనుగోలునకు దిగిన తరువాత బేరమాడు బలము కొంత రైతునకు దక్కినది. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీ అంగడి వెలసినది. 2019లో అరకు అరాబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2022లో ఏర్పడిన ఆ జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టినారు.

ఎండ ఎక్కిన వేళ ముసలమ్మ మాకు చోడి అంబలి పోసి ఇచ్చినది. "కాఫీ తాగరా అమ్మా?" అని అడిగితిమి.

"అది అమ్ముకోడానికి బాబూ. మాకు అంబలే బలం" అని నవ్వినది.

ఇంటికి వచ్చి కాఫీ కలుపుకొన్నపుడెల్ల ఆ మాట చెవిని పడుచునే యున్నది. కూలి దశనుండి సొంతదారు దశకు ఆ కుటుంబము చేరుటకు మూడు తరములు పట్టినది. మన గ్లాసు వెలలో ఆ మెట్ట మీదికి చేరునది ఎంత అను లెక్క ఇక మనము అడుగవలసినది.